కందెన తగ్గితే చక్రానికే ముప్పు
పాత లారీల ముందు ఇరుసు బేరింగులు అరిగితే గుర్తించే తీరు.. మరమ్మతులో పాటించాల్సిన జాగ్రత్తలు

విజయవాడ ఆటోనగర్: ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నది పాత సామెత. ఎడ్లబండి ఇరుసు కిర్రుమనగానే రైతు బండి ఆపి కందెన వేసేవాడు. లారీ విషయానికి వచ్చేసరికి ఆ సంగీతం ఇంజను హోరులో కలిసిపోతుంది. డ్రైవరు చెవికి స్పష్టంగా వినిపించే నాటికి బేరింగు చాలా వరకు పాడైపోయి ఉంటుంది. అప్పటికీ పట్టించుకోకపోతే హబ్బు, స్టబ్ యాక్సిల్ దెబ్బతింటాయి. చివరకు పరుగులో ఉన్న లారీ నుంచి ముందు చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది. వెనుక చక్రాలు జంటలుగా ఉంటాయి కాబట్టి ఒక టైరు పేలినా రెండోది కొంత ఆదుకుంటుంది. ముందు వైపు ఒక్కో పక్కన ఒక్కటే చక్రం. పైగా స్టీరింగు ఆధారపడేది దానిమీదే. అది అదుపు తప్పితే డ్రైవరుకు చేయగలిగింది ఏమీ మిగలదు.

ఒకే ఒక్క పాత లారీతో కుటుంబాన్ని నెట్టుకొస్తున్న యజమానులు కోస్తా జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కిరాయి దొరికిన రోజున బండి ఆపడానికి వారికి మనసొప్పదు. అయితే ముందు ఇరుసు బేరింగులు చెప్పాపెట్టకుండా విరిగిపోవడం అరుదు. శబ్దం, వేడి, ఆట అనే మూడు సూచనలు చాలా ముందుగానే కనిపిస్తాయి. వాటిని గుర్తించగలిగితే షెడ్డులో ఒక పూట పనితో సరిపోతుంది. గుర్తించకపోతే బేరింగుల ధరకు ఎన్నో రెట్లు స్టబ్ యాక్సిల్, హబ్బు, బ్రేకు డ్రమ్ములకు ఖర్చు పెట్టాల్సి వస్తుంది. రోడ్డు మీద బండి నిలిచిపోయిన రోజుల కిరాయి నష్టం దానికి అదనం.

హబ్బులో ఏముంటుంది?

పాత లారీల ముందు ఇరుసు బలమైన ఉక్కు దిమ్మెలా ఉంటుంది. దాని రెండు చివర్లలో కింగ్ పిన్ను ఆధారంగా స్టబ్ యాక్సిల్ అటూ ఇటూ తిరుగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు మలుపు తిరిగే భాగం ఇదే. స్టబ్ యాక్సిల్ కొన మీద హబ్బు కూర్చుంటుంది. హబ్బుకు బ్రేకు డ్రమ్ము, చక్రం బిగించి ఉంటాయి. హబ్బు లోపల రెండు బేరింగులు ఉంటాయి. లోపలి వైపున పెద్దది, బయటి వైపున చిన్నది. లోపలి బేరింగు వెనుక గ్రీజు బయటకు పోకుండా సీలు, బయట చివరన నట్టు, వాషరు, నట్టు కదలకుండా స్ప్లిట్ పిన్ను, వాటిపై మూత ఉంటాయి.

ఈ బేరింగులను టేపర్ రోలర్ బేరింగులంటారు. రోలర్లు గుండ్రటి గొట్టాల్లా కాకుండా ఒక కొన సన్నగా, మరో కొన లావుగా ఉంటాయి. రోలర్లతో కలిసి ఉండే లోపలి భాగాన్ని కోను అని, హబ్బులో దిగగొట్టే బయటి వలయాన్ని కప్పు అని మెకానిక్‌లు పిలుస్తారు. అమెరికాలో గుర్రపు బగ్గీలు తయారు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఈ రకం బేరింగుకు పేటెంట్ పొందారు. బండి మలుపు తిరిగినప్పుడు చక్రంపై పక్కనుంచి పడే ఒత్తిడిని అప్పటి బేరింగులు తట్టుకోలేకపోవడమే ఆ ఆవిష్కరణకు కారణం. పైనుంచి పడే బరువును, పక్కనుంచి వచ్చే ఒత్తిడిని ఇది ఒకేసారి మోస్తుంది. అయితే ఒక షరతు ఉంది. కప్పుకు, కోనుకు మధ్య సందు సరిగ్గా ఉండాలి. ఆ సందును నిర్ణయించేది చివరన ఉండే నట్టు. అంటే బేరింగు ఎంత మంచిదైనా దాని ఆయుష్షు బిగించే చేతిలో ఉంటుంది.

ఈ బేరింగులు చేసే పని తక్కువేమీ కాదు. విజయవాడ నుంచి హైదరాబాదుకు సుమారు 275 కిలోమీటర్లు. లారీ టైరు ఒక్కసారి తిరిగితే మూడుంబావు మీటర్ల దూరం సాగుతుంది. ఆ లెక్కన ఒక్క ప్రయాణంలో ముందు చక్రం 80 వేల సార్లకు పైగా తిరుగుతుంది. నిండు లోడుతో ఉన్న రెండు ఇరుసుల లారీలో ఒక్కో ముందు చక్రంపై దాదాపు మూడు టన్నుల బరువు పడుతుంది. ఇంత బరువు కింద లోహానికి, లోహానికి మధ్య నిలిచేది సన్నని గ్రీజు పొర మాత్రమే.

ఎందుకు అరుగుతాయి?

బేరింగులు వయసు మీరి పాడవడం కంటే నిర్లక్ష్యం వల్ల పాడవడమే ఎక్కువ. కారణాల్లో మొదటిది గ్రీజు. ఏళ్ల తరబడి మార్చకపోతే అందులోని నూనె ఇంకిపోయి సబ్బులాంటి ముద్ద మాత్రం మిగులుతుంది. పాత గ్రీజు తీయకుండా దానిపైనే వేరే రకం గ్రీజు కూరడం మరో పొరపాటు. అన్ని గ్రీజులూ ఒకదానితో ఒకటి కలవవు. పొసగని రకాలు కలిస్తే పలచబడి వేడికి కారిపోతాయి.

రెండో కారణం నీరు. ఇసుక రేవుల్లోకి దిగే లారీలు, వర్షాకాలంలో వాగులు దాటే లారీలు, కాలువ గట్టున కడిగే లారీలకు ఈ బెడద ఎక్కువ. దూరప్రయాణం చేసి వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. అది ఒక్కసారిగా నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి అరిగిన సీలు అంచు గుండా నీటిని లోపలికి పీల్చుకుంటుంది. సర్వీసింగులో అధిక ఒత్తిడితో నీటిని నేరుగా సీలుపై కొట్టినా అదే జరుగుతుంది. నీటితో పాటు సన్నని ఇసుక చేరితే అది లోపల ఆకురాయిలా పనిచేస్తుంది.

మూడోది అధిక లోడు. పాత లారీల ముందు ఇరుసులు 6 టన్నుల పరిమితి అమల్లో ఉన్న రోజుల్లో తయారైనవి. కేంద్ర ప్రభుత్వం 2018 జులైలో రెండు టైర్ల ముందు ఇరుసుకు ఆ పరిమితిని 7 టన్నులకు పెంచింది. కాగితంపై పరిమితి పెరిగినంత మాత్రాన పాత ఉక్కుకు కొత్త బలం రాదు. బండి తయారైనప్పుడు కంపెనీ నిర్ణయించిన బరువునే యజమానులు కొలమానంగా తీసుకోవడం మేలు. గ్రానైట్ రాళ్లలా కొద్ది చోటులోనే బరువంతా ఉండే సరుకును క్యాబిన్ వైపు జరిపి పేరిస్తే మొత్తం లోడు పరిమితిలోనే ఉన్నా ముందు ఇరుసుపై భారం మించిపోతుంది.

నాలుగోది తప్పు బిగింపు. నట్టు మరీ బిగిస్తే రోలర్లు నలిగి వేడెక్కుతాయి. మరీ వదులైతే చక్రం ఊగి, బరువంతా కొన్ని రోలర్లపైనే పడి లోహం పెచ్చులు లేస్తుంది.

శబ్దం చెప్పే సంగతి

బేరింగు అరుగుదల మొదట శబ్దంగా బయటపడుతుంది. సన్నని ఊళతో మొదలై క్రమంగా గరగరమనే శబ్దంగా మారుతుంది. ఇది బండి వేగాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. గేరు మార్చినా, క్లచ్చు తొక్కి ఇంజను వేగం తగ్గించినా చక్రం తిరుగుతున్నంత సేపూ ఆ శబ్దం అలాగే ఉంటే ఇంజనుకు, గేరుబాక్సుకు సంబంధం లేదని అర్థం.

టైరు శబ్దాన్ని చూసి బేరింగు శబ్దమని పొరబడే వారూ ఉన్నారు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారినప్పుడు టైరు శబ్దం మారుతుంది. బేరింగు శబ్దం రోడ్డును బట్టి మారదు, మలుపును బట్టి మారుతుంది. కుడివైపు తిరిగినప్పుడు బండి బరువు ఎడమ వైపు ఒరుగుతుంది. ఆ సమయంలో శబ్దం పెరిగితే ఎడమ చక్రం బేరింగును అనుమానించాలి. ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి చక్రం. రద్దీ లేని ఖాళీ స్థలంలో, తక్కువ వేగంతోనే ఈ పరీక్ష చేయాలి.

వేడిని పోల్చి చూడాలి

రెండో సూచన వేడి. ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపిన తర్వాత బండి ఆపి, రెండు ముందు హబ్బుల వేడిని పోల్చి చూడాలి. నేరుగా చేయి ఆనిస్తే కాలే ప్రమాదం ఉంది. ముందుగా అరచేతిని కొద్ది దూరంలో ఉంచి సెగను గమనించాలి. దూరం నుంచే వేడిని కొలిచే చిన్న థర్మామీటర్లు ఇప్పుడు అందుబాటు ధరల్లో దొరుకుతున్నాయి. రెండు హబ్బులూ దాదాపు ఒకేలా వెచ్చగా ఉంటే భయం లేదు. ఒకటి మాత్రం గణనీయంగా వేడెక్కితే పరీక్షించాల్సిందే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బ్రేకు పట్టేసినా చక్రం వేడెక్కుతుంది. అప్పుడు డ్రమ్ము ఎక్కువగా, హబ్బు మధ్యభాగం తక్కువగా వేడెక్కుతాయి. బేరింగు పాడైతే వేడి హబ్బు మధ్యలో, మూత వద్ద ఎక్కువగా ఉంటుంది. ఘాట్ రోడ్డు దిగిన వెంటనే ఈ పరీక్ష చేస్తే బ్రేకుల వేడి దారి తప్పిస్తుంది. చదునైన రోడ్డుపై బ్రేకు ఎక్కువగా వాడకుండా నడిపిన తర్వాతే చూడాలి. చక్రం లోపలి వైపున గ్రీజు చారలు కనిపించడం, మాడిన గ్రీజు వాసన రావడం కూడా హెచ్చరికలే. కారిన గ్రీజు బ్రేకు లైనర్లకు అంటితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

బేరింగా? కింగ్ పిన్నా?

అసలు పరీక్ష జాకీపై జరగాలి. చదునైన గట్టి నేలపై బండి నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు పెట్టాలి. ముందు ఇరుసు కింద జాకీ పెట్టి చక్రాన్ని కొద్దిగా లేపాలి. జాకీని మాత్రమే నమ్ముకోకుండా ఇరుసు కింద గట్టి స్టాండు అమర్చిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

ముందుగా చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. గరుకుగా తగలడం, ఒకచోట పట్టి మరోచోట వదలడం బేరింగు దెబ్బతిన్నదనడానికి గుర్తులు. బ్రేకు లైనరు రాసుకునే శబ్దం వస్తుంటే బ్రేకును వదులు చేసి మళ్లీ చూడాలి. తర్వాత గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట్ల, అంటే చక్రం పైభాగాన, కింది భాగాన పట్టుకుని ముందుకు వెనక్కు ఊపాలి. లారీ చక్రం బరువైనది కాబట్టి టైరు కింద గడ్డపార పెట్టి పైకి తన్ని చూస్తే ఆట బాగా తెలుస్తుంది.

ఆట కనిపించగానే బేరింగు పోయిందని తేల్చేయడం చాలా షెడ్లలో జరిగే పొరపాటు. కింగ్ పిన్ను బుష్‌లు అరిగినా చక్రం ఇలాగే ఊగుతుంది. రెండింటి తేడా తేల్చడానికి సులువైన మార్గం బ్రేకు. ఒకరు క్యాబిన్‌లో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. గాలి బ్రేకుల లారీ అయితే ట్యాంకులో తగినంత గాలి ఉండాలి. అప్పుడు మరొకరు చక్రాన్ని ఊపాలి. బ్రేకు తొక్కగానే ఆట మాయమైతే లోపం బేరింగులో ఉన్నట్లు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే లోపం కింగ్ పిన్నులో ఉన్నట్లు. ఇందులో తర్కం సులభమే. బ్రేకు పడినప్పుడు హబ్బు, స్టబ్ యాక్సిల్ ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముక్కలా మారతాయి. వాటి మధ్య ఉండే బేరింగు ఆట కనిపించదు. స్టబ్ యాక్సిల్‌కు, ఇరుసుకు మధ్య ఉండే కింగ్ పిన్ను ఆట మాత్రం దాగదు. ఆట కొంత తగ్గి, కొంత మిగిలితే రెండు చోట్లా అరుగుదల ఉన్నట్లు భావించాలి.

చక్రాన్ని 3, 9 అంకెల చోట పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదలిక ఉంటే టై రాడ్డు కీళ్లను, స్టీరింగు లింకులను చూడాలి. ఈ పరీక్షలకు పట్టేది పావుగంట. చేయకపోతే బేరింగులు కొత్తవి వేసిన తర్వాత కూడా చక్రం ఊగుతూనే ఉంటుంది. యజమాని డబ్బు, మెకానిక్ పేరు రెండూ పోతాయి.

విప్పేటప్పుడు..

చక్రం నట్లను జాకీ ఎత్తకముందే కొద్దిగా వదులు చేయాలి. కొన్ని పాత లారీల్లో ఎడమ వైపు నట్లకు ఎడమ మర ఉంటుంది. దిశ చూసుకోకుండా బలం ప్రయోగిస్తే స్టడ్డు విరుగుతుంది. చక్రం తీశాక బ్రేకు అడ్జస్టరును వెనక్కు తిప్పితే డ్రమ్ము సులువుగా వస్తుంది. మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు, వాషరు తొలగించాలి. హబ్బును లాగేటప్పుడు బయటి బేరింగు జారి నేలపై పడుతుంది. చేయి అడ్డుపెట్టాలి. హబ్బు, డ్రమ్ము కలిసి చాలా బరువుంటాయి. ఇద్దరు పట్టుకుని నేరుగా లాగితే స్టబ్ యాక్సిల్ మరలు దెబ్బతినవు.

బ్రేకు ధూళిని గాలి గొట్టంతో ఊదడం మంచిది కాదు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు హానికరం. తడి గుడ్డతో తుడవాలి. బేరింగులను కిరోసిన్ లేదా డీజిలులో కడిగి, శుభ్రమైన గుడ్డపై ఆరబెట్టాలి. కంప్రెసరు గాలితో రోలర్లను గిర్రున తిప్పడం కుర్రాళ్లకు సరదా కావచ్చు. గ్రీజు లేకుండా అంత వేగంగా తిరిగితే మంచి బేరింగు కూడా గీతలు పడుతుంది. రోలరు ఎగిరి కంటికి తగిలే ప్రమాదమూ ఉంది.

పాత బేరింగే సాక్షి

తీసిన బేరింగును వెంటనే చెత్తలో పారేయకూడదు. ఎందుకు పాడైందో అదే చెబుతుంది. కారణం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ అదే దారి పడుతుంది.

* రోలర్లు నీలి రంగుకు, గోధుమ రంగుకు తిరిగి ఉంటే అతిగా వేడెక్కినట్లు. గ్రీజు చాలకపోవడం లేదా నట్టు మరీ బిగించడం కారణం.

* కప్పు లోపల పెచ్చులు లేచి గుంతలు పడితే అధిక లోడు లేదా సుదీర్ఘకాలం వాడిన అలసట. కప్పులో ఒక పక్కనే పెచ్చులు లేస్తే కప్పు వంకరగా కూర్చున్నట్లు.

* రోలర్ల మధ్య దూరంలోనే తుప్పు చారలు వరుసగా కనిపిస్తే నీరు చేరి, బండి చాలా రోజులు నిలిచి ఉన్నట్లు.

* ఉపరితలం మెరుపు పోయి బూడిద రంగులో సన్నని గీతలు ఉంటే ఇసుక, దుమ్ము చేరినట్లు. సీలు పనిచేయడం లేదు.

* రోలర్ల ఎడంతో కప్పుపై సమాన దూరంలో నొక్కులు ఉంటే బలమైన దెబ్బ తగిలినట్లు. బేరింగు వేసేటప్పుడు సుత్తితో కొట్టినా ఇలాగే పడతాయి.

స్టబ్ యాక్సిల్‌ను కూడా పరిశీలించాలి. కోను కూర్చునే చోట మెట్టులా అరిగినా, లోతైన గీతలున్నా, వేడికి రంగు మారినా మార్చాల్సిందే. మూలల్లో వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో శుభ్రంగా తుడిచి, మంచి వెలుతురులో చూడాలి. అనుమానం ఉంటే పగుళ్లను గుర్తించే రంగు ద్రవంతో పరీక్ష చేయించాలి.

కప్పు, కోను జంటగానే మార్చాలి

కోను మాత్రమే మార్చి పాత కప్పును ఉంచేయడం పొదుపు కాదు. పాత కప్పులో పడిన అరుగుదల కొత్త రోలర్లను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. పాత బేరింగుపై చెక్కిన నంబరు చూసి, అదే నంబరు గల కప్పు, కోను ఒకే కంపెనీవి తీసుకోవాలి. మార్కెట్లో నకిలీ బేరింగుల బెడద ఉంది. పేరున్న దుకాణంలో బిల్లుతో కొనడం, పెట్టెపై కంపెనీ ముద్రించే సంకేతాన్ని ఫోనుతో సరిచూసుకోవడం క్షేమం.

పాత కప్పును ఇత్తడి రాడ్డుతో అటొక దెబ్బ, ఇటొక దెబ్బ చొప్పున సమంగా కొట్టి బయటకు తీయాలి. హబ్బు లోపలి గూడును శుభ్రంగా తుడవాలి. కొత్త కప్పును ప్రెస్సుతో దించడం ఉత్తమం. ప్రెస్సు లేనిచోట సరిపడే వలయాన్ని ఆనించి సమంగా కొట్టుకుంటూ పోవాలి. కప్పు పూర్తిగా అడుగుకు చేరినప్పుడు దెబ్బ శబ్దం మారుతుంది. అయినా కప్పుకు, గూడు అంచుకు మధ్య సన్నని ఫీలర్ గేజి దూరుతుందేమో చుట్టూ చూడాలి. ఎక్కడైనా దూరిందంటే కప్పు ఇంకా కూర్చోలేదు. అలాగే వదిలేస్తే పది రోజులు తిరిగాక కప్పు అడుగుకు దిగుతుంది. అప్పుడు బిగింపు వదులై చక్రం మళ్లీ ఊగుతుంది.

గ్రీజు ఎంత? ఎలా?

కొత్త బేరింగుకు పైపైన గ్రీజు పూస్తే చాలదు. అరచేతిలో గ్రీజు తీసుకుని, కోను లావుపాటి అంచును దానికి నొక్కుతూ పోవాలి. రోలర్ల సందుల్లోంచి అవతలి సన్నని అంచు వైపు గ్రీజు బయటకు వచ్చేవరకు చుట్టూ ఇలా చేయాలి. చేతులు, గుడ్డలు, గ్రీజు డబ్బా శుభ్రంగా ఉండాలి. మూత లేని డబ్బాలో దుమ్ము పడిన గ్రీజును బేరింగుకు పెట్టడం ఇసుకను చేజేతులా లోపలికి పంపడమే.

చక్రాల బేరింగులకు అధిక వేడిని తట్టుకునే లిథియం రకం గ్రీజులు వాడతారు. బండి కంపెనీ పుస్తకంలో సూచించిన రకాన్నే ఎంచుకోవాలి. హబ్బు లోపలి ఖాళీని పూర్తిగా నింపడం మేలు చేస్తుందని కొందరు భావిస్తారు. అది అపోహ. మూడో వంతు నుంచి సగం వరకు చాలు. నిండా కూరితే గ్రీజు చిలికినట్లు తిరిగి వేడెక్కుతుంది. చివరకు సీలును నెట్టుకుని బ్రేకు లైనర్లపైకి చేరుతుంది.

సీలును ప్రతిసారీ కొత్తది వేయాలి. బేరింగుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. గ్రీజును ఆపే పెదవి హబ్బు లోపలి వైపు ఉండాలి. పెదవికి కొద్దిగా గ్రీజు రాసి, వంకర పోకుండా చుట్టూ సమంగా దించాలి.

నట్టు బిగింపే కీలకం

మరమ్మతు అంతా ఒక ఎత్తు, నట్టు బిగింపు ఒక ఎత్తు. హబ్బును ఎక్కించి, బయటి బేరింగు, వాషరు, నట్టు పెట్టాక చక్రాన్ని తిప్పుతూనే నట్టును గట్టిగా బిగించాలి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోటుకు చేరవు. చక్రం తిరగడానికి బరువుగా మారాక నట్టును పూర్తిగా వదులు చేయాలి. మళ్లీ చక్రాన్ని తిప్పుతూ తేలికగా బిగించి, కంపెనీ పుస్తకంలో చెప్పినంత మేర వెనక్కు తిప్పాలి. ఈ కొలత నట్టు మరను బట్టి ఒక్కో బండికి ఒక్కో రకంగా ఉంటుంది. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును మరింత బిగించకూడదు. కాస్త వదులు చేసి కుదుర్చుకోవాలి.

పని సరిగ్గా జరిగిందో లేదో డయల్ గేజి తేల్చిచెబుతుంది. హబ్బును లోపలికి, బయటకు లాగినప్పుడు కదలిక సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు నుంచి ఎనిమిదో వంతు వరకు. ఇది అటూ ఇటూగా తల వెంట్రుక మందం. కంటికి కనిపించేంత ఆట ఉంటే అది ఎక్కువే. అసలు ఆటే లేకుండా బిగించడం అంతకంటే ప్రమాదకరం. బండి నడిచినప్పుడు లోహం వేడికి వ్యాకోచిస్తుంది. చోటు లేకపోతే బేరింగు నలిగిపోతుంది.

స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వాడాలి. పాతది వంచి, తిన్నగా చేసి మళ్లీ పెడితే విరిగే అవకాశం ఎక్కువ. దాని బదులు మేకు, తీగ ముక్క వాడటం చక్రాన్ని దేవుడి మీద వదిలేయడమే.

చేయకూడని పనులు

హబ్బులో కప్పు వదులైతే గూడు చుట్టూ పంచితో చుక్కలు కొట్టి బిగువు తెప్పించడం కొన్నిచోట్ల అలవాటు. మరికొందరు తగరపు రేకు చుట్టి దించుతారు. రెండూ తాత్కాలికమే. బరువు పడగానే చుక్కల మొనలు అణగిపోతాయి. కప్పు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. గూడు అరిగిన హబ్బును మార్చడమే మార్గం. అరిగిన స్టబ్ యాక్సిల్‌పై వెల్డింగు పోసి లేతు మీద చెక్కించడం మరీ ప్రమాదకరం. వెల్డింగు వేడికి ఉక్కు గుణం మారి, పెళుసుబారి, పరుగులో విరిగిపోవచ్చు. పైకి చూస్తే నున్నగా మెరుస్తూ ఉంటుంది కాబట్టి యజమాని నమ్ముతాడు. ముందు ఇరుసు విషయంలో ఇలాంటి పొదుపు ప్రాణాలతో చెలగాటమే.

దారిలో పొగ కనిపిస్తే..

ప్రయాణంలో హబ్బు నుంచి పొగ, మాడిన వాసన వస్తే బండిని రోడ్డుకు దూరంగా నిలపాలి. హెచ్చరిక త్రికోణాన్ని వెనుక తగినంత దూరంలో ఉంచాలి. కాలుతున్న హబ్బుపై నీళ్లు పోయకూడదు. ఒక్కసారిగా చల్లబడితే లోహం పగులుతుంది. మంట రేగితే మంటలార్పే పరికరం వాడాలి. చల్లబడిన తర్వాత జాకీపై లేపి చూడాలి. చక్రం స్పష్టంగా ఊగుతున్నా, తిరగకుండా పట్టేసినా అక్కడినుంచి బండి కదపకూడదు. పైపైన గ్రీజు రాసి పక్క ఊరి వరకు వెళ్లిపోదామనుకోవడమే చాలాసార్లు చక్రం ఊడటానికి దారితీస్తుంది. మెకానిక్‌ను అక్కడికే పిలిపించాలి. లేదా ముందు భాగాన్ని పైకెత్తి లాగించాలి.

పని పూర్తయ్యాక..

మరమ్మతు చేసిన బండిని ముందుగా ఖాళీగా పది పదిహేను కిలోమీటర్లు నడిపి, రెండు హబ్బుల వేడిని పోల్చాలి. కొత్త గ్రీజు సర్దుకునే దశలో కొద్దిగా వెచ్చబడటం సహజం. చేయి పెట్టలేనంత వేడి సహజం కాదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను మరోసారి బిగించాలి. వెయ్యి కిలోమీటర్ల లోపు జాకీపై లేపి ఆటను ఇంకోసారి చూసుకోవాలి.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ ధ్రువీకరణ తప్పనిసరి. ఆ పరీక్షకు బండిని సిద్ధం చేసే సమయంలోనే ముందు హబ్బులు విప్పి, గ్రీజు, సీళ్లు మార్చించుకోవడం చాలామందికి అనుకూలంగా ఉంటుంది. ఇసుక, నీరు, గతుకుల్లో తిరిగే లారీలకు ఏడాది వరకు ఆగకుండా ముందే చూపించుకోవాలి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏ నంబరు బేరింగు, ఏ రకం గ్రీజు వేశారో క్యాబిన్‌లో ఒక చిన్న పుస్తకంలో రాసిపెట్టుకుంటే డ్రైవరు మారినా, మెకానిక్ మారినా ఇబ్బంది ఉండదు.

టీ కోసం బండి ఆపిన ప్రతిసారీ ఒక్క నిమిషం ముందు చక్రాల చుట్టూ తిరిగి, హబ్బుల దగ్గర చేయి ఉంచి చూడటం డ్రైవర్లు అలవాటు చేసుకోవాలి. దానికి ఖర్చు లేదు. ఒకటి చల్లగా, మరొకటి వేడిగా ఉందంటే బేరింగు సాయం అడుగుతున్నట్లే. ఆ రోజు కిరాయి పోయినా సరే, బండిని ముందుగా షెడ్డుకు తీసుకెళ్లాలి.